ఒకే ఫైల్, అనేక ప్రాసెస్‌లు: ఫైల్ లాకింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే సర్వర్‌పై నడిచే రెండు మూడు ప్రోగ్రామ్‌లు ఒకే ఫైల్‌ను చదువుతూ రాస్తూ ఉన్నప్పుడు తలెత్తే సందేహాలకు, ముఖ్యంగా ఒకరి పని ముగిసేదాకా ఇతరులను ఆపే ‘లాక్’ల గురించి, ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. ప్రధానంగా లైనక్స్‌ను దృష్టిలో పెట్టుకొని రాసినప్పటికీ, విండోస్ భిన్నంగా ప్రవర్తించే చోట ఆ తేడాను కూడా చెప్పాము. పాఠకులకు ప్రోగ్రామింగ్‌తో కొంత పరిచయం ఉందని భావిస్తున్నాము.

రెండు ప్రాసెస్‌లు ఒకే ఫైల్‌ను ఒకేసారి వాడితే జరిగే నష్టం ఏమిటి?

నష్టం ముఖ్యంగా రెండు రకాలుగా జరుగుతుంది. మొదటిది, ఒకరు చేసిన మార్పు జాడ లేకుండా పోవడం. ఒక కార్యాలయంలో టోకెన్ సంఖ్యను ఒక చిన్న ఫైల్‌లో ఉంచి, రెండు కౌంటర్ల ప్రోగ్రామ్‌లు దానిని చదివి, ఒకటి కలిపి, తిరిగి రాస్తున్నాయనుకుందాం. ఫైల్‌లో 41 ఉన్నప్పుడు రెండూ దాదాపు ఒకే క్షణంలో చదివితే, రెండూ 42 అని రాస్తాయి. ఇద్దరు వ్యక్తులకు ఒకే టోకెన్ దక్కుతుంది. ఎక్కడా దోష సందేశం రాదు, లాగ్‌లో ఒక్క హెచ్చరిక కూడా కనిపించదు.

రెండవది, సగం రాసిన ఫైల్‌ను మరొకరు చదవడం. చాలా భాషల్లో ఫైల్‌ను రాయడానికి తెరవగానే పాత విషయం మొత్తం చెరిగిపోయి పొడవు సున్నా అవుతుంది. కొత్త విషయం పూర్తిగా చేరేలోపు చదివిన ప్రాసెస్‌కు ఖాళీ ఫైలో, మధ్యలో తెగిన ఫైలో దొరుకుతుంది. తెలుగు పాఠం విషయంలో ఇది మరింత స్పష్టంగా బయటపడుతుంది. యూటీఎఫ్-8 లో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి, ఒకే అక్షరంలా కనిపించే ‘స్త్రీ’ 18 బైట్లు ఆక్రమిస్తుంది. రాత ఆ బైట్ల మధ్యలో ఆగితే చదివే ప్రోగ్రామ్ డీకోడింగ్ దోషంతో నిలిచిపోవచ్చు. లోపం ఎన్‌కోడింగ్‌లో ఉందని భావించి అక్కడే వెతుకుతూ ఉండిపోయేవారు ఉంటారు కాబట్టి, అప్పుడప్పుడు మాత్రమే కనిపించే డీకోడింగ్ దోషం ఎదురైతే ఆ ఫైల్‌ను అదే సమయంలో ఎవరు రాస్తున్నారో కూడా చూడడం మంచిది.

‘లాక్’ అనే పేరుతో ఒక ఫైల్ ఉందో లేదో చూసి, లేకపోతే దానిని సృష్టించుకొని పని మొదలుపెడితే సరిపోదా?

చూడడం, సృష్టించడం రెండు వేర్వేరు మెట్లుగా ఉన్నంతకాలం సరిపోదు. ఒక ప్రాసెస్ చూసిన తరువాత, సృష్టించే ముందు, మరొక ప్రాసెస్ కూడా చూసి ‘లేదు’ అని తెలుసుకొని ముందుకు సాగిపోగలదు. ఈ రెండు మెట్లను ఒకటిగా చేసే మార్గాన్ని ఆపరేటింగ్ సిస్టమే ఇస్తుంది: ఫైల్‌ను తెరిచేటప్పుడు ‘సృష్టించు’, ‘ఇప్పటికే ఉంటే విఫలం కావాలి’ అనే రెండు సూచనలను కలిపి ఇస్తే, ఒకరికి మాత్రమే విజయం దక్కుతుంది. షెల్ స్క్రిప్ట్‌లలో ఇదే పనికి డైరెక్టరీ సృష్టించే ఆదేశాన్ని వాడే అలవాటు ఉంది. డైరెక్టరీ ముందే ఉంటే ఆ ఆదేశం విఫలమవుతుంది కాబట్టి అది కూడా సరైన పద్ధతే.

అయితే అసలు చిక్కు ఆ తరువాత వస్తుంది. లాక్ ఫైల్‌ను సృష్టించిన ప్రాసెస్ మధ్యలో కూలిపోతే, ఫైల్ అక్కడే మిగిలిపోయి, తరువాత వచ్చే ప్రతి ప్రాసెస్‌నూ అడ్డుకుంటుంది. దీనికి విరుగుడుగా లాక్ ఫైల్‌లో ప్రాసెస్ సంఖ్యను రాసి, ఆ సంఖ్యతో ప్రాసెస్ బతికి ఉందో లేదో పరీక్షించే పద్ధతి ఉంది. కానీ ప్రాసెస్ సంఖ్యలు ఒక పరిమితి దాటాక మళ్లీ మొదటినుంచి వాడుకలోకి వస్తాయి, కాబట్టి అదే సంఖ్య వేరొక ప్రాసెస్‌కు చెంది ఉండవచ్చు; కంటైనర్లలోనైతే (ఒకే యంత్రంపై ప్రోగ్రామ్‌లను విడివిడి వాతావరణాల్లో నడిపే పద్ధతి) ప్రతి కంటైనర్‌కూ సొంత సంఖ్యాక్రమం ఉంటుంది గనుక ఆ పరీక్షకు అర్థమే ఉండదు. ప్రాసెస్ ఎలా ముగిసినా లాక్ దానంతట అదే విడుదలయ్యే ఏర్పాటు కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగంలో, ఉన్నప్పుడు, కొత్తగా రాసే ప్రోగ్రామ్‌కు దానినే ఎంచుకోవాలని మా గట్టి సిఫారసు.

కెర్నెల్ ఇచ్చే లాక్‌లు ఎన్ని రకాలు? వాటిలో ఏది వాడాలి?

లైనక్స్‌లో మూడు రకాలు ఉన్నాయి. వాటి మధ్య తేడా వాటిని ఎలా పిలుస్తామన్నదానిలో కంటే, లాక్ ఎవరి సొత్తుగా లెక్కించబడుతుందన్నదానిలో ఉంది.

‘ఫ్లాక్’ అనే కాల్ బీఎస్‌డీ యూనిక్స్ నుంచి వచ్చింది. ఇది ఫైల్ మొత్తానికి వర్తిస్తుంది. లాక్ ఆ ఫైల్‌ను తెరిచిన సందర్భానికి చెందుతుంది. అందువల్ల ఒకే ప్రాసెస్ అదే ఫైల్‌ను రెండుసార్లు విడివిడిగా తెరిస్తే ఆ రెండూ పరస్పరం అడ్డుకుంటాయి. ఫోర్క్ ద్వారా, అంటే ఒక ప్రాసెస్ తన నకలును సృష్టించుకోగా, పుట్టిన పిల్ల ప్రాసెస్ మాత్రం తల్లి ప్రాసెస్ తెరిచిన దానినే పంచుకుంటుంది కాబట్టి లాక్‌ను కూడా పంచుకుంటుంది.

రెండవది, యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లోని ‘ఎఫ్‌సీఎన్‌టీఎల్’ లాక్. ఫైల్‌లో ఫలానా బైట్ నుంచి ఫలానా బైట్ వరకు అని కోరుకోగలగడం దీని బలం. దీని బలహీనత మాత్రం చాలామందిని దెబ్బతీసింది. ఈ లాక్ ప్రాసెస్‌కూ ఫైల్‌కూ మధ్య నమోదవుతుంది. ఆ ప్రాసెస్ అదే ఫైల్‌కు సంబంధించిన ఏ డిస్క్రిప్టర్‌ను (తెరిచిన ఫైల్‌ను సూచించే సంఖ్యను) మూసినా, లాక్ వేసినది వేరే డిస్క్రిప్టర్‌తోనైనా సరే, మొత్తం లాక్‌లన్నీ పోతాయి. మీరు లాక్ వేసి పనిలో ఉండగా, మీరు పిలిచిన ఒక లైబ్రరీ అదే ఫైల్‌ను తెరిచి ఒకసారి చదివి మూస్తే చాలు, మీ రక్షణ మీకు తెలియకుండానే తొలగిపోతుంది. డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైల్‌లో ఉంచే ఎస్‌క్యూలైట్ వంటి పరిణతి చెందిన సాఫ్ట్‌వేర్ సైతం దీనిని తట్టుకోవడానికి, లాక్‌లు ఉన్నంతసేపు డిస్క్రిప్టర్లను మూయకుండా వాయిదా వేసే ప్రత్యేక ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది.

ఈ లోపాన్ని సరిదిద్దుతూ మూడవ రకం వచ్చింది. లైనక్స్ 3.15 లో, అంటే 2014 లో, బైట్ల పరిధిని కోరుకునే సౌలభ్యాన్ని ఉంచుతూనే, లాక్‌ను ప్రాసెస్‌కు కాక తెరిచిన సందర్భానికి ముడివేసే ‘ఓఎఫ్‌డీ’ (ఓపెన్ ఫైల్ డిస్క్రిప్షన్) లాక్‌లను చేర్చారు. 2024 నాటి పోసిక్స్ ప్రమాణంలో వీటికి స్థానం దొరికింది.

ఫైల్ మొత్తాన్ని కాపాడితే చాలనుకున్నప్పుడు ఫ్లాక్, బైట్ల పరిధి నిజంగా అవసరమైనప్పుడు ఓఎఫ్‌డీ లాక్ సరైన ఎంపికలు. పాత పోసిక్స్ లాక్‌ను, దానినే వాడే వేరే ప్రోగ్రామ్‌తో కలిసి పనిచేయవలసినప్పుడు మాత్రమే ఎంచుకోండి. స్థానిక డిస్క్‌పై ఉన్న ఫైల్ విషయంలో లైనక్స్‌లో ఫ్లాక్ లాక్‌కూ పోసిక్స్ లాక్‌కూ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. ఒక ప్రోగ్రామ్ ఒక రకాన్ని, మరొకటి ఇంకో రకాన్ని వాడితే రెండూ ఒకేసారి లోపలికి ప్రవేశిస్తాయి.

నేను లాక్ వేసినా వేరొక ప్రోగ్రామ్ ఆ ఫైల్‌లో రాసేస్తోంది. ఇది కెర్నెల్ లోపమా?

కాదు. యూనిక్స్ తరహా వ్యవస్థల్లో ఈ లాక్‌లు సలహా స్వభావం కలవి. ఫైల్‌ను తాకే ప్రతి ప్రోగ్రామ్ ముందుగా లాక్ అడగాలన్న ఒప్పందానికి కట్టుబడినప్పుడే అవి పనిచేస్తాయి. అడగకుండా నేరుగా రాసే ఎడిటర్‌నో, షెల్ ఆదేశాన్నో కెర్నెల్ ఆపదు. బలవంతంగా ఆపే లాక్ పద్ధతి ఒకటి లైనక్స్‌లో చాలాకాలం ఉండేది కానీ, దానిని వాడేవారు దాదాపు లేకపోవడంతోనూ, దాని అమలులో లోపాలు ఉండడంతోనూ, 2021 లో వెలువడిన 5.15 సంచికలో తొలగించారు.

విండోస్‌లో పరిస్థితి వేరు. అక్కడ ఫైల్‌ను తెరిచేటప్పుడే ఇతరులు చదవవచ్చా, రాయవచ్చా, తొలగించవచ్చా అన్నది చెప్పాలి, వ్యవస్థ దానిని అమలు చేస్తుంది. ఈ ఫైల్ మరొక ప్రోగ్రామ్‌లో తెరిచి ఉందంటూ విండోస్ తొలగింపును నిరాకరించే సందర్భం చాలామందికి అనుభవమే. రెండు వ్యవస్థలపైనా నడవవలసిన ప్రోగ్రామ్‌ను రాసేవారు, ఒకదానిపై పరీక్షించి రెండవదానిపై నమ్మకం పెట్టుకోకూడదు.

చదవడానికి కూడా లాక్ అవసరమా?

రాసేవారు ఫైల్‌ను ఉన్నచోటనే మారుస్తున్నట్లయితే అవసరమే. అందుకే పంచుకునే లాక్, ఏకైక లాక్ అని రెండు స్థాయిలు ఉన్నాయి: చదివేవారు ఎందరైనా మొదటిదానిని ఒకేసారి పొందవచ్చు, రాసేవారు రెండవదానిని ఒంటరిగా పొందాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పంచుకునే లాక్‌తో చదివి, మార్చవలసి ఉందని తెలిశాక దానిని ఏకైక లాక్‌గా మార్చుకోవాలనుకుంటే, ఫ్లాక్‌లో ఆ మార్పు ఒకే మెట్టులో జరగదు. పాత లాక్ విడుదలై కొత్తది దొరికే మధ్యలో మరొకరు ప్రవేశించి ఫైల్‌ను మార్చి వెళ్లగలరు. మార్చే అవకాశం ఉందని ముందే తెలిస్తే మొదటినుంచీ ఏకైక లాక్ తీసుకోవాలి; లేదంటే స్థాయి పెంచుకున్నాక ఫైల్‌ను మళ్లీ చదవాలి.

అదే విధంగా, లాక్ వేయడానికి ముందే ఫైల్‌ను ‘రాయడం’ పద్ధతిలో తెరవడం చాలా తరచుగా కనిపించే పొరపాటు. ఆ పద్ధతిలో తెరిచిన క్షణమే ఫైల్ ఖాళీ అవుతుంది, లాక్ కోసం వేచి ఉండడం ఆ తరువాతి సంగతి. చెరపకుండా తెరిచి, లాక్ పొంది, ఆ పైన మాత్రమే పాత విషయాన్ని తొలగించాలి. పీహెచ్‌పీలో ‘సి’ అనే తెరిచే పద్ధతి ఇందుకు అనువుగా ఉంటుంది.

లాక్‌ను అసలు ఫైల్‌పైనే వేయాలా, విడిగా ఒక లాక్ ఫైల్ పెట్టుకోవాలా?

అసలు ఫైల్‌ను ఎప్పటికీ ఉన్నచోటనే మారుస్తూ ఉంటే దానిపైనే వేయవచ్చు. కానీ కొత్త ఫైల్‌ను రాసి దాని పేరును పాతదాని పేరుగా మార్చే పద్ధతి వాడుతుంటే విడి లాక్ ఫైల్ తప్పనిసరి. కారణం ఏమిటంటే, లాక్ పేరుకు కాక ఆ పేరు వెనుక ఉన్న ఐనోడ్‌కు, అంటే డిస్క్‌పై అసలు ఫైల్ నమోదుకు, అంటుకొని ఉంటుంది. పేరు కొత్త ఐనోడ్‌కు మారాక పాతదానిపై లాక్ కోసం వేచి ఉన్నవారికి దొరికే లాక్ ఎవరూ వాడని ఫైల్‌పై ఉంటుంది.

ఇదే కారణంతో, పని ముగిశాక లాక్ ఫైల్‌ను తొలగించి శుభ్రం చేయాలన్న కోరికను అణచుకోవాలి. మొదటి ప్రాసెస్ లాక్ పట్టుకొని ఉండగా రెండవది అదే ఫైల్‌ను తెరిచి వేచి ఉందనుకుందాం. మొదటిది ఫైల్‌ను తొలగించి లాక్ విడిచిపెడుతుంది. రెండవదానికి తొలగించిన ఐనోడ్‌పై లాక్ దొరుకుతుంది. అప్పుడే వచ్చిన మూడవ ప్రాసెస్‌కు ఆ పేరుతో ఫైల్ కనిపించదు కాబట్టి కొత్తగా సృష్టించి దానిపై లాక్ పొందుతుంది. ఇప్పుడు రెండవదీ మూడవదీ తామే ఏకైక యజమానులమని నమ్ముతూ ఒకేసారి పనిచేస్తాయి. ఖాళీ లాక్ ఫైల్ డిస్క్‌పై మిగిలి ఉండడం వల్ల ఏ నష్టమూ లేదు. తొలగించడం తప్పనిసరి అయిన చోట మాత్రం, లాక్ దొరికిన వెంటనే తెరిచిన ఫైల్ ఐనోడ్ సంఖ్యనూ, ఆ పేరుతో ప్రస్తుతం ఉన్న ఐనోడ్ సంఖ్యనూ పోల్చి, అవి వేరైతే మళ్లీ మొదటినుంచి ప్రయత్నించాలి.

లాక్ లేకుండానే సురక్షితంగా ఉండే మార్గం ఉందా?

చాలా సందర్భాల్లో ఉంది, సాధ్యమైనచోట దానినే మేము ఇష్టపడతాము. కొత్త విషయాన్ని అదే డైరెక్టరీలో తాత్కాలిక పేరుతో పూర్తిగా రాసి, ఎఫ్‌సింక్ ద్వారా డిస్క్‌కు చేర్చి, ఆ తరువాత అసలు పేరుకు మార్చండి. పేరుమార్పు అవిభాజ్యమైన చర్య. చదివేవారికి పాత ఫైల్ పూర్తిగానో, కొత్త ఫైల్ పూర్తిగానో కనిపిస్తుంది కానీ సగం సగం ఎన్నడూ కనిపించదు. తాత్కాలిక ఫైల్ వేరే ఫైల్ సిస్టమ్‌పై ఉంటే పేరుమార్పు విఫలమవుతుంది కాబట్టి అదే డైరెక్టరీలో ఉంచమని చెబుతున్నాము. విద్యుత్ పోయినా మార్పు నిలవాలంటే, పేరు మార్చాక ఆ డైరెక్టరీపై కూడా ఎఫ్‌సింక్ చేయాలి. పైథాన్‌లో ఇందుకు 3.3 నుంచి ‘రీప్లేస్’ అనే ఫంక్షన్ ఉంది. అది విండోస్‌లో కూడా ఉన్న ఫైల్ స్థానంలో కొత్తదానిని పెడుతుంది.

మెయిల్‌డిర్ అనే ఈమెయిల్ నిల్వ పద్ధతి ఈ ఆలోచనకు చక్కని నిదర్శనం. డేనియల్ బెర్న్‌స్టీన్ తన క్యూమెయిల్ సర్వర్ కోసం రూపొందించిన ఈ పద్ధతిలో ప్రతి ఉత్తరమూ విడి ఫైల్. అది ‘టెంప్’ డైరెక్టరీలో రాయబడి, పూర్తయ్యాకే ‘న్యూ’ డైరెక్టరీలోకి చేరుతుంది. అన్ని ఉత్తరాలనూ ఒకే ఫైల్‌లో పేర్చే పాత ఎంబాక్స్ పద్ధతికి లాక్‌లు తప్పనిసరి కాగా, మెయిల్‌డిర్‌కు వాటి అవసరం లేకుండా పోయింది.

పేరుమార్పు చదివేవారిని కాపాడుతుంది కానీ, పైన చెప్పిన టోకెన్ సమస్యను తీర్చదు. ఇద్దరూ 41 చదివి, ఇద్దరూ 42 ఉన్న కొత్త ఫైల్‌ను తయారుచేసి పేరు మారిస్తే ఫలితం అదే. చదివి, మార్చి, రాసే పని ఉన్నప్పుడు లాక్, పేరుమార్పు రెండూ కావాలి. కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ ఈ రెంటినీ ఒకే ఫైల్‌తో సాధిస్తుంది: ‘ఇండెక్స్.లాక్’ ఇప్పటికే లేకపోతేనే దానిని సృష్టించి, కొత్త విషయాన్ని అందులోనే రాసి, చివరకు దాని పేరును ‘ఇండెక్స్’గా మారుస్తుంది.

లాగ్ ఫైల్‌ల వంటి వాటికి, ‘చివర చేర్చు’ పద్ధతిలో తెరిస్తే ప్రతి రాతకూ ముందు ఫైల్ చివరకు వెళ్లడం, రాయడం ఒకే మెట్టుగా జరుగుతాయి. ప్రతి వరుసనూ ఒకే రాత కాల్‌లో పంపినంతవరకు స్థానిక డిస్క్‌పై ఇది చక్కగా పనిచేస్తుంది. నెట్‌వర్క్ ద్వారా ఫైల్‌లను పంచే ఎన్ఎఫ్ఎస్‌పై మాత్రం ఈ హామీ లేదు.

నిర్ణీత సమయాల్లో పనులను నడిపే క్రాన్‌లో పెట్టిన పని, ముందుది ముగియకముందే మళ్లీ మొదలవుతోంది. ఎలా ఆపాలి?

లైనక్స్ పంపిణీల్లో సాధారణంగా ఉండే ‘ఫ్లాక్’ అనే ఆదేశాన్ని వాడండి. లాక్ ఫైల్ పేరు, ఆ తరువాత అసలు ఆదేశం ఇస్తే, అది లాక్ పొంది ఆదేశాన్ని నడిపి, ముగిశాక లాక్‌ను విడుదల చేస్తుంది. ‘మైనస్ ఎన్’ ఇస్తే లాక్ దొరకనప్పుడు వేచి ఉండకుండా వెంటనే 1 అనే నిష్క్రమణ సంఖ్యతో వెనుదిరుగుతుంది. ‘మైనస్ డబ్ల్యూ’తో కొన్ని సెకన్ల గడువు పెట్టవచ్చు.

మీ ఆదేశం వెనుక నడిచే మరొక ప్రాసెస్‌ను పుట్టించి తాను ముగిసిపోతే, ఆ పిల్ల ప్రాసెస్‌కు లాక్ వారసత్వంగా వెళ్లి, అది బతికి ఉన్నంతకాలం లాక్ విడుదల కాదు. అటువంటప్పుడు, లాక్ అలా వారసత్వంగా వెళ్లకుండా చూసే ‘మైనస్ ఓ’ ఐచ్ఛికం ఉపయోగపడుతుంది. క్రాన్‌కు బదులు సిస్టమ్‌డీ టైమర్‌ను వాడేవారికి ఈ చిక్కు తక్కువ, ఎందుకంటే ఒక సర్వీస్ నడుస్తుండగా టైమర్ దానిని రెండవసారి మొదలుపెట్టదు.

‘లాక్ దొరకలేదు’ అని ఆప్ట్ గానీ గిట్ గానీ చెబితే ఆ లాక్ ఫైల్‌ను తొలగించవచ్చా?

ఈ రెంటికీ సమాధానం ఒకటి కాదు. డెబియన్, ఉబుంటులలో ప్యాకేజీలను తెచ్చే ఆప్ట్, దాని కింద వాటిని ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ వాడేది కెర్నెల్ లాక్. ఫైల్ ఉండడం సహజం, దానిపై లాక్ ఉండడమే అసలు విషయం. ఫైల్‌ను తొలగిస్తే పైన వివరించిన మూడు ప్రాసెస్‌ల పరిస్థితి ఏర్పడి, రెండు ఇన్‌స్టాలేషన్‌లు ఒకేసారి నడిచి ప్యాకేజీల సమాచారం పాడయ్యే ప్రమాదం ఉంది. ఫైల్‌ను తొలగించమనే సలహా ఎన్నో చోట్ల చెలామణి అవుతోంది, దయచేసి పాటించకండి. వెనుక స్వయంచాలక నవీకరణ నడుస్తుండవచ్చు, అది ముగిసేదాకా ఆగండి. లాక్ ఎవరి దగ్గర ఉందో ‘ఎల్‌ఎస్‌లాక్స్’ ఆదేశం చూపుతుంది; ఒక ఫైల్‌ను తెరిచి ఉంచిన ప్రాసెస్‌లను ‘ఫ్యూజర్’, ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్’ చూపుతాయి.

గిట్‌లో ఫైల్ ఉనికే లాక్. గిట్ ప్రాసెస్ కూలిపోతే ఫైల్ మిగిలిపోతుంది కాబట్టి, ఆ రిపాజిటరీలో వేరే గిట్ ప్రాసెస్ గానీ, ఎడిటర్‌లోని గిట్ విభాగం గానీ నడవడం లేదని రూఢి చేసుకున్నాక దానిని చేత్తో తొలగించడం సరైనదే.

నెట్‌వర్క్ డ్రైవ్‌లపై, క్లౌడ్ ఫోల్డర్లపై లాక్‌లు పనిచేస్తాయా?

ఎన్ఎఫ్ఎస్‌పై కొంత జాగ్రత్తతో పనిచేస్తాయి. లైనక్స్ 2.6.12 నుంచి ఎన్ఎఫ్ఎస్‌పై ఫ్లాక్‌ను ఫైల్ మొత్తానికి వేసిన బైట్ల పరిధి లాక్‌గా మార్చి సర్వర్‌కు పంపుతారు. అందువల్ల ఏకైక లాక్ కావాలంటే ఫైల్‌ను రాయడానికి తెరిచి ఉండాలి. ఎన్ఎఫ్ఎస్ నాలుగవ సంచికలో లాక్‌లకు కాలపరిమితి ఉంటుంది. క్లయింట్‌కు సర్వర్‌తో సంబంధం ఆ పరిమితికి మించి తెగిపోతే, సర్వర్ ఆ లాక్‌ను మరొకరికి ఇవ్వగలదు. డ్రాప్‌బాక్స్ వంటి సింక్ ఫోల్డర్లలో ఒక కంప్యూటర్‌పై వేసిన లాక్ రెండవ కంప్యూటర్‌కు చేరదు.

రెండు ప్రాసెస్‌లు ఒకదాని కోసం ఒకటి ఆగిపోతే ఏం చేయాలి?

ఒకటి మొదటి ఫైల్‌ను పట్టుకొని రెండవదాని కోసం, మరొకటి రెండవదానిని పట్టుకొని మొదటిదాని కోసం ఎదురుచూస్తే రెండూ కదలవు. పాత పోసిక్స్ లాక్‌లలో కెర్నెల్ దీనిని గుర్తించి ఒకదానికి దోషం తిరిగి ఇస్తుంది. ఫ్లాక్‌లోనూ ఓఎఫ్‌డీలోనూ ఆ గుర్తింపు లేదు. ఒకటికి మించిన లాక్‌లు కావలసినప్పుడు అన్ని ప్రోగ్రామ్‌లూ వాటిని ఒకే వరుసలో, ఉదాహరణకు ఫైల్ పేర్ల అక్షరక్రమంలో, తీసుకోవాలి. లాక్ పట్టుకొని ఉండగా నెట్‌వర్క్ సమాధానం కోసం గానీ, మనిషి నొక్కవలసిన మీట కోసం గానీ వేచి ఉండకూడదు.

పైథాన్, జావా వంటి భాషల్లో ప్రత్యేకంగా గమనించవలసినవి ఉన్నాయా?

పైథాన్‌లో ‘ఫ్లాక్’, ‘లాక్‌ఎఫ్’ అనే రెండు ఫంక్షన్లు ఒకే మాడ్యూల్‌లో పక్కపక్కనే ఉంటాయి కానీ, రెండవది నిజానికి పాత పోసిక్స్ లాక్. జావాలో ఫైల్‌ఛానెల్ లాక్ మొత్తం వర్చువల్ మెషీన్ తరఫున పట్టుకోబడుతుంది, ఒకే ప్రోగ్రామ్‌లోని థ్రెడ్‌ల మధ్య అది పనికిరాదు. ఏ భాషలోనైనా, రాసినది బఫర్‌లో ఉండగానే లాక్ విడుదల చేస్తే తరువాతివారికి పాత విషయమే కనిపిస్తుంది. ముందు ఫ్లష్ చేసి, అంటే బఫర్‌లోనిది ఫైల్‌కు పంపి, ఆ తరువాతే లాక్ విడవండి.

ఇవన్నీ వదిలి ఎస్‌క్యూలైట్ వాడడం మేలు కాదా?

ఒక ఫైల్‌లో అనేక రికార్డులు ఉండి, అనేక ప్రాసెస్‌లు వాటిని విడివిడిగా మారుస్తుంటే, నిస్సందేహంగా మేలు. లాకింగ్, కూలిపోయినప్పుడు కోలుకోవడం రెండూ అందులో సిద్ధంగా ఉన్నాయి. 2010 లో 3.7.0 సంచికతో వచ్చిన వాల్ (మార్పులను ముందుగా విడి లాగ్ ఫైల్‌లో రాసే) పద్ధతిలో ఒకరు రాస్తుండగా ఇతరులు చదవగలరు, అయితే రాసేవారు ఒకసారికి ఒక్కరే. వేచి ఉండే గడువును పెట్టుకోకపోతే ‘డేటాబేస్ లాక్ అయి ఉంది’ అనే దోషం వెంటనే వస్తుంది. చదివి రాసే లావాదేవీని మొదటినుంచీ రాసే ఉద్దేశంతోనే ప్రారంభించే ‘బిగిన్ ఇమ్మీడియట్’ వాడితే మధ్యలో విఫలం కావడం తగ్గుతుంది. వాల్ పద్ధతికి అన్ని ప్రాసెస్‌లూ ఒకే యంత్రంపై ఉండాలి.

నా లాకింగ్ సరిగ్గా ఉందని ఎలా పరీక్షించాలి?

ఒక ఫైల్‌లోని సంఖ్యకు ఒకటి చొప్పున కలిపే ప్రోగ్రామ్‌ను రాసి, ఒకేసారి 8 ప్రాసెస్‌లుగా, ఒక్కొక్కటి 10,000 సార్లు నడపండి. చివర ఫైల్‌లో సరిగ్గా 80,000 ఉండాలి. తరువాత లాక్ వేసే వరుసను తీసివేసి మళ్లీ నడపండి. అప్పుడు కూడా 80,000 వస్తే మీ పరీక్షలో ప్రాసెస్‌లు నిజంగా ఢీకొనడం లేదని అర్థం, చదవడానికీ రాయడానికీ మధ్య చిన్న విరామం చేర్చాలి. ఆ పైన, నడుస్తున్న ప్రాసెస్‌లలో ఒకదానిని ‘కిల్ మైనస్ 9’తో మధ్యలో ఆపి, మిగిలినవి నిలిచిపోకుండా కొనసాగుతున్నాయా, ఫైల్‌లో చదవదగిన సంఖ్యే ఉందా అని చూడండి. చివరగా, మీ ప్రోగ్రామ్ పనిచేయవలసిన అసలు చోట, అంటే అదే ఎన్ఎఫ్ఎస్ డ్రైవ్‌పైనో అదే కంటైనర్లలోనో, ఈ పరీక్షలను మళ్లీ జరపండి.